ఎంజీబీ స్టీరింగ్ తేలిక చేసుకోవడం ఎలా: ముందు మరమ్మతు, ఆ తర్వాతే మార్పు

పాత ఎంజీబీ (బ్రిటన్‌కు చెందిన ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు) ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు మొదటిసారి పార్కింగ్ చేసేటప్పుడే భుజాలు నొప్పి పుడతాయి. మర్నాడే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కిట్ ధరలు వెతకడం మొదలవుతుంది. ఈ వ్యాసం మిమ్మల్ని కాసేపు ఆపడానికే రాస్తున్నాను. కిట్ వద్దని చెప్పను. చివర్లో దాన్ని ఎలా బిగించాలో కూడా చెబుతాను. కానీ అరిగిన కింగ్‌పిన్‌లు (ముందు చక్రాలు ఇటూ అటూ తిరగడానికి ఆధారమైన ఉక్కు పిన్నులు), వంకరగా కూర్చున్న జాయింట్, గాలి లేని టైర్లు ఉన్న బండికి మోటారు తగిలిస్తే జబ్బు అలాగే ఉంటుంది, నొప్పి మాత్రం తెలియకుండా పోతుంది. స్టీరింగ్ విషయంలో అది ప్రమాదం.

ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు ఇంగ్లాండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. ఐదు లక్షలకు పైగా బండ్లు బయటికొచ్చాయి. వాటిలో ఒక్కదానికీ ఫ్యాక్టరీ నుంచి పవర్ స్టీరింగ్ రాలేదు. అవసరమని ఎవరూ అనుకోలేదు కూడా. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ (పినియన్ అనే చిన్న పళ్ల చక్రం తిరిగి, ర్యాక్ అనే పళ్ల కడ్డీని పక్కకు జరిపే ఏర్పాటు), టన్నుకు అటూ ఇటూ బరువు, సన్నటి టైర్లు. అన్నీ సక్రమంగా ఉన్న ఎంజీబీ కదలడం మొదలుపెట్టాక రెండు వేళ్లతో తిరుగుతుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రం కాస్త బలం పెట్టాలి. కదులుతున్నప్పుడు కూడా బరువుగా ఉంటే మీ బండిలో ఏదో బిగుసుకుపోయిందని అర్థం.

మనవాళ్లకు ఈ బండి అనుకున్నంత కొత్తేమీ కాదు. అంబాసిడర్ పాత మోడళ్లలో ఉన్న బీ-సిరీస్ ఇంజిన్ కుటుంబమే ఎంజీబీలోనూ 1798 సీసీగా ఉంది. అంబాసిడర్‌దీ ర్యాక్ అండ్ పినియనే. ఆ బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్ మీ ఊళ్లో ఇంకా పనిచేస్తుంటే ఆయన్ను వదులుకోకండి.

పని మొదలుపెట్టే ముందు మీ బండి ఏ కాలందో తెలుసుకోండి. 1967 చివరి వరకు వచ్చిన బండ్లలో డైనమో (పాత రకం కరెంటు యంత్రం) ఉంటుంది, బ్యాటరీ పాజిటివ్ ఎర్త్, అంటే దాని పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంటుంది. తర్వాతి వాటిలో ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్. అమెరికాకు వెళ్లిన బండ్లకు 1968 మోడల్ నుంచి గుద్దుకున్నప్పుడు కుంచించుకుపోయే స్టీరింగ్ కాలమ్ (వీల్ నుంచి కిందికి వచ్చే గొట్టం, దాని లోపలి షాఫ్ట్) పెట్టారు. 1974 చివర్లో నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి, బండి ఎత్తు కూడా పెరిగింది. ఈ తేడాలన్నీ తర్వాత పనికొస్తాయి. అసలు వర్క్‌షాప్ మాన్యువల్ ఇప్పటికీ అచ్చులో దొరుకుతోంది. అది పక్కన లేకుండా స్టీరింగ్ బోల్టు ఒక్కటి కూడా విప్పకండి. ఏ నట్టు ఎంత బిగించాలో మీ మోడల్‌కు సరిపోయే అంకె అందులోనే చూడాలి.

బరువు ఎక్కడుందో వెతకండి

ఇది అరపూట పని. ఖర్చు లేదు. అయినా చాలామంది వదిలేసేది దీన్నే.

చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగం జాకీతో లేపండి. గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ మీద నిలిచిన బండి కిందికి దూరవద్దు. ఇప్పుడు స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. చక్రాలు గాల్లో ఉన్నాయి కాబట్టి దాదాపు బరువు తెలియకూడదు. తేలిగ్గా తిరిగితే తప్పు టైర్లలోనో చక్రాల కోణాల్లోనో ఉంది. గాల్లో కూడా బిగువుగా ఉంటే యంత్రంలోనే ఉంది.

యంత్రంలోనే ఉందని తేలితే రెండువైపులా టై రాడ్ ఎండ్‌లను (ర్యాక్ నుంచి చక్రం దాకా వచ్చే కడ్డీల చివరి కీళ్లను) స్టీరింగ్ ఆర్మ్ నుంచి విడదీయండి. నట్టు పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు మిగిల్చి, బాల్ జాయింట్ స్ప్లిటర్‌తో లాగండి. సుత్తితో పిన్ను మీద నేరుగా కొడితే మర పాడవుతుంది. విడిపోయాక మూడు పరీక్షలు చేయండి.

ఒకటి, కుడి చక్రాన్ని చేత్తో పట్టుకుని తిప్పండి. తర్వాత ఎడమది. రెండూ ఒకేలా, మెత్తగా తిరగాలి. ఒకవైపు బిగుసుకుంటే ఆ వైపు కింగ్‌పిన్ పని చెబుతోంది. రెండు, స్టీరింగ్ వీల్ తిప్పండి. ఇప్పుడు కదిలేది కాలమ్, జాయింట్, ర్యాక్ మాత్రమే. మూడు, కాలమ్‌ను ర్యాక్‌తో కలిపే యూనివర్సల్ జాయింట్ (కోణంలో ఉన్న రెండు షాఫ్టులను కలిపి తిప్పే కీలు) బోల్టు తీసి, కాలమ్‌ను ఒంటరిగా, ర్యాక్‌ను ఒంటరిగా తిప్పి చూడండి. ఈ మూడింటితో దోషి ఎవరో తేలిపోతుంది.

ఒక గుర్తు చెబుతాను. స్టీరింగ్ ఒక పూర్తి చుట్టు తిరిగేటప్పుడు సరిగ్గా రెండుసార్లు బిగుసుకుని రెండుసార్లు వదులైతే, తప్పు యూనివర్సల్ జాయింట్‌ది లేదా అది కూర్చున్న కోణానిది. మధ్యలో వదులుగా ఉండి రెండు చివర్లలో బిగిస్తే ర్యాక్‌ది.

టైర్లు

తొలి ఎంజీబీలకు 5.60-14 కొలత క్రాస్‌ప్లై టైర్లు వేసేవారు. తర్వాత 155, 165 మి.మీ. వెడల్పు రేడియల్స్ వచ్చాయి. ఇవాళ చాలామంది అందం కోసం 185, 195 వేస్తున్నారు. నేల మీద ఆనే రబ్బరు వెడల్పు పెరిగిన కొద్దీ ఆగి ఉన్న బండిని తిప్పడం కష్టమవుతుంది. ఇందులో రహస్యం లేదు. 165 కొలతకు తిరిగి వెళ్లండి. రోడ్డు మీద ఈ బండికి అంతకంటే వెడల్పు అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం.

గాలి కూడా చూడండి. పాత మాన్యువల్ అంకెలు చాలా తక్కువగా ఉంటాయి. ముందు టైర్లలో 25 పీఎస్‌ఐ దగ్గర పెడితే స్టీరింగ్ తేలికవుతుంది. తయారీ తేదీ చదవండి. పదేళ్లు దాటిన టైరు మీద గాట్లు ఎంత లోతుగా కనబడినా మార్చేయండి.

కింగ్‌పిన్‌లు: అసలు పని ఇక్కడే

ఎంజీబీ ముందు చక్రాలు బాల్ జాయింట్ల మీద కాకుండా, లారీల్లోలాగా కింగ్‌పిన్ మీద తిరుగుతాయి. ఉక్కు పిన్ను చుట్టూ ఇత్తడి జాతి బుష్‌లు, వాటి మధ్య గ్రీజు. ఒక్కోవైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. 3000 మైళ్లకు, అంటే సుమారు 5000 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు పెట్టమని తయారీదారు చెప్పాడు. బండి ఏడాదికి నాలుగుసార్లే బయటికి తీసేవాళ్లు ఏళ్ల తరబడి ఆ సంగతే మరిచిపోతారు. ఎండిపోయిన గ్రీజు గట్టిపడి, దారులు మూసుకుపోయి, పిన్ను బుష్‌తో పొడిగా ఒరుసుకుంటుంది. స్టీరింగ్ బరువుకు ఇంతకంటే పెద్ద కారణం ఈ బండిలో నేను చూడలేదు.

ముందు గ్రీజుతోనే ప్రయత్నించండి. చక్రం గాల్లో ఉన్నప్పుడే పెట్టాలి. బరువు మీద ఉంటే గ్రీజు ఒత్తిడి పడే వైపుకు వెళ్లదు. నిపుల్స్ మీద మట్టి తుడిచి, గన్ బిగించి, స్టీరింగ్‌ను మెల్లగా ఇటూ అటూ తిప్పుతూ కొట్టండి. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, దాని వెనక కొత్తది కనబడాలి. ఎక్కడినుంచీ రాకపోతే నిపుల్ తీసి శుభ్రం చేయండి, లేదా కొత్తది వేయండి. అప్పుడూ రాకపోతే దారి మూసుకుపోయింది. కొద్దిగా ఈపీ 90 గేర్ ఆయిల్ ఎక్కించి ఒక రాత్రి వదిలేసి మళ్లీ ప్రయత్నించవచ్చు. అదీ పనిచేయకపోతే విప్పాల్సిందే.

విప్పే ముందు ప్లే (అరుగుదల వల్ల వచ్చే వదులు) ఎంతుందో చూడండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేక్ పెడల్ తొక్కి పట్టమనండి. బ్రేక్ తొక్కగానే ఊగడం ఆగిపోతే తప్పు వీల్ బేరింగ్‌ది, అది షిమ్‌లతో (సందు పూడ్చే పలుచని రేకు ముక్కలతో) సరిచేయాల్సిన వేరే పని. బ్రేక్ తొక్కినా ఊగుతుంటే కింగ్‌పిన్ అరిగింది, లేదా దాని కింద ఉన్న ట్రనియన్ (పిన్నును సస్పెన్షన్ ఆర్మ్‌కు కలిపే కీలు) బుష్ అరిగింది. బుష్‌లు తినేసిన కింగ్‌పిన్‌కు గ్రీజు ఎంత కొట్టినా ప్రయోజనం లేదు.

ఇక్కడ జాగ్రత్త. ముందు స్ప్రింగ్ కింది ఆర్మ్‌ల మధ్యనున్న పళ్లెం మీద బలంగా నొక్కుకుని ఉంటుంది. పై ఆర్మ్‌గా పనిచేసేది లీవర్ డ్యాంపరే (కుదుపులు అణిచే పరికరం). పై ట్రనియన్ బోల్టు తీస్తే ఆ స్ప్రింగ్‌ను పట్టుకునేది ఏదీ ఉండదు. అందుకే స్ప్రింగ్ పళ్లెం కింద ట్రాలీ జాకీ పెట్టి, బరువు దాని మీదికి తీసుకున్నాకే బోల్టు ముట్టుకోండి. తర్వాత జాకీని అంగుళం అంగుళంగా దించుతూ స్ప్రింగ్ బిగువు పూర్తిగా పోనివ్వండి. ఈ పనికి పిల్లలు, పెంపుడు జంతువులు గ్యారేజీలో ఉండకూడదు.

కొత్త పిన్ను, కొత్త బుష్‌లు కొన్నంత మాత్రాన పని అయిపోదు. బుష్ నొక్కి దించాక దాని లోపలి కొలతను పిన్నుకు సరిపోయేలా రీమ్ చేయాలి, అంటే రీమర్ అనే కోత పనిముట్టుతో నున్నగా తీయాలి. రెండు బుష్‌లూ ఒకే గీతలో ఉండాలి కాబట్టి రెండింటినీ కలిపి ఒకే పొడవాటి రీమర్‌తో తీయాలి. ఆ రీమర్ ఖరీదు. ఒక్క బండి కోసం కొనడం దండగ. ఇంగ్లాండ్‌లో, అమెరికాలో మీ పాత భాగాలు తీసుకుని రీమ్ చేసిన జత తిరిగి పంపే దుకాణాలున్నాయి. మన దగ్గర అయితే లారీ కింగ్‌పిన్ బుష్‌లు రీమ్ చేయడం విజయవాడ ఆటోనగర్ షెడ్లలో రోజూ జరిగే పని. కొలత చిన్నదైనా పద్ధతి అదే. పిన్ను చేతిలో పెట్టి, దీనికి సరిపోయేలా తీయమని చెబితే ఆ మేస్త్రులకు ఇంకేం చెప్పక్కర్లేదు. పని సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక. నూనె రాసిన పిన్నును బుష్‌లో దించితే చేతి ఒత్తిడికి మెత్తగా జారాలి, తనంతట తాను పడిపోకూడదు.

కలిపేటప్పుడు కింద వచ్చే థ్రస్ట్ వాషర్ వేర్వేరు మందాల్లో దొరుకుతుంది. మరీ మందంది వేస్తే పిన్ను బిగుసుకుంటుంది, మరీ సన్నది వేస్తే నిలువుగా ఆడుతుంది. పై నట్టు పూర్తిగా బిగించాక కూడా చక్రం చేత్తో స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ ప్లే తెలియకూడదు. రెండూ కుదిరేదాకా వాషర్ మార్చి చూడండి. ఇందులో తొందరపడితే మొత్తం శ్రమ వృథా.

ర్యాక్, యూనివర్సల్ జాయింట్

ర్యాక్ రెండు చివర్ల రబ్బరు బూట్లు చూడండి. చిరిగితే లోపలికి నీరు, ఇసుక చేరి తుప్పు పడుతుంది. బూటు చిరిగి చాలాకాలమైన ర్యాక్‌ను తీసి, కడిగి, పళ్లు చూడకుండా మళ్లీ వాడొద్దు.

ర్యాక్‌ను పినియన్‌కు ఆనించి ఉంచే దిమ్మ ఒకటి లోపల ఉంటుంది. ప్లే పోగొట్టడానికి దాన్ని బిగించేయడం చాలాచోట్ల కనబడే పొరపాటు. ర్యాక్ అరుగుదల ఎప్పుడూ మధ్యలోనే ఎక్కువ, ఎందుకంటే బండి ఎక్కువ సేపు నేరుగానే నడుస్తుంది. మధ్యలో ప్లే పోయేలా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. అంత అరిగిన ర్యాక్‌ను మార్చడమే మేలు.

ర్యాక్ తీసినా, మార్చినా, కాలమ్ విప్పినా ఒక ముఖ్యమైన పని ఉంటుంది. ఎంజీబీ కాలమ్‌కూ ర్యాక్‌కూ మధ్య ఒక్కటే యూనివర్సల్ జాయింట్ ఉంది. కాలమ్ షాఫ్ట్ నడిగీత, పినియన్ షాఫ్ట్ నడిగీత రెండూ ఆ జాయింట్ నడిమధ్యలో కలవాలి. కొద్దిగా తప్పినా జాయింట్ ప్రతి చుట్టులోనూ రెండు షాఫ్టులను పక్కకు లాగుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, జాయింట్ త్వరగా అరుగుతుంది, కాలమ్ బుష్ పోతుంది.

ఫ్యాక్టరీ వాళ్లు దీనికి రెండు మొనదేలిన పనిముట్లు వాడేవారు. ఒకటి కాలమ్ చివరకు, ఇంకోటి పినియన్‌కు తగిలిస్తే రెండు మొనలూ జాయింట్ మధ్యబిందువు దగ్గర ముఖాముఖి కలవాలి. లేత్ ఉన్నచోట అలాంటి జత చేయించుకోవడం కష్టం కాదు. కాలమ్ బోల్టులన్నీ వదులుగా ఉంచి, మొనలు కలిసేలా కాలమ్‌ను పైకీ కిందికీ పక్కలకూ జరిపి చూడండి. అప్పటికీ కలవకపోతే ర్యాక్ కింద షిమ్ వేయాలి. ర్యాక్‌ను బిగించే ముందు ప్రతి బోల్టు దగ్గర సందు ఉందేమో చూసి, ఉన్నచోట ఆ మందం షిమ్ పెట్టండి. సందు ఉంచి బోల్టుతో లాగి బిగిస్తే ర్యాక్ గొట్టమే వంగుతుంది, కొత్త ర్యాక్ కూడా మొదటి రోజే బిగుసుకుంటుంది. మొనలు కలిశాక అన్నీ బిగించి, మళ్లీ ఒకసారి చూడండి. బిగించేటప్పుడు జరిగిపోవడం మామూలే.

జాయింట్ పించ్ బోల్టు షాఫ్ట్ మీదున్న గాడిలోంచి వెళ్లాలి. జాయింట్ కాస్త బయటే ఆగితే బోల్టు దూరదు. సుత్తితో దూర్చకండి, జాయింట్‌ను సరిగ్గా లోపలికి జరపండి. ఇక్కడ పాత నట్టు మళ్లీ వాడవద్దు, కొత్త నైలాక్ (లోపల నైలాన్ వలయం ఉండి తనంతట తాను వదులవని నట్టు) వేయండి.

టో-ఇన్ ఇంట్లోనే చూసుకోవడం

ఈ బండికి టో-ఇన్ 1/16 నుంచి 3/32 అంగుళం. అంటే ముందు చక్రాల ముందు అంచులు వెనుక అంచుల కంటే సుమారు 1.5 నుంచి 2.4 మి.మీ. దగ్గరగా ఉండాలి. రెండువైపుల టై రాడ్ ఎండ్‌లనూ తిరిగి బిగించి, బండిని నేల మీదికి దించి, కొంచెం ముందుకూ వెనక్కూ నెట్టి సస్పెన్షన్ కుదురుకోనివ్వండి. స్టీరింగ్ నేరుగా పెట్టి, రెండు ముందు టైర్ల వెనుక భాగంలో, చక్రం నడిమి ఎత్తులో, సుద్దతో సన్నటి గీత గీయండి. ఆ రెండు గీతల మధ్య దూరం కొలవండి. తర్వాత బండిని ముందుకు నెట్టి, చక్రం సగం చుట్టు తిరిగి ఆ గీతలే ముందు వైపు అదే ఎత్తుకు వచ్చినప్పుడు ఆపండి. మళ్లీ కొలవండి. రెండో కొలత మొదటిదాని కంటే ఎంత తక్కువో అదే మీ టో-ఇన్. అవే గీతలు వాడుతున్నాం కాబట్టి రిమ్ సొట్ట పడి ఉన్నా కొలత చెడదు.

సరిచేయాల్సి వస్తే రెండు టై రాడ్‌లనూ సమానంగా తిప్పండి. ఒక్కవైపే తిప్పితే స్టీరింగ్ వీల్ వంకర అవుతుంది, ఒకవైపు మలుపు తగ్గుతుంది. తిప్పే ముందు బూటు క్లిప్పు వదులు చేయకపోతే రబ్బరు మెలిపడుతుంది.

ఇంతవరకు చేశాక ఏమీ మార్చకుండా కొన్ని వారాలు బండి నడపండి. చాలామందికి ఇక్కడితో సమస్య తీరిపోతుంది. భుజం నొప్పో కీళ్ల నొప్పో ఉన్నవాళ్లకు, ట్రాఫిక్‌లో రోజూ నడిపేవాళ్లకు ఇంకా సాయం కావాలనిపించవచ్చు. అది న్యాయమైన కోరికే. బండి ఒరిజినల్‌గా ఉండాలన్న పట్టుదల కోసం దాన్ని షెడ్డులో పెట్టి చూసుకోవడం కంటే, మార్చుకుని నడపడం వెయ్యి రెట్లు మంచిది.

మార్పులు: ఏది ముందు, ఏది వద్దు

స్టీరింగ్ వీల్ సంగతి మొదట. తొలి బండ్ల పెద్ద వీల్ పదహారున్నర అంగుళాలది. దాన్ని తీసి 14 అంగుళాల చెక్క వీల్ పెడితే, అదే పనికి చేతులు దాదాపు 18 శాతం ఎక్కువ బలం పెట్టాలి. బరువుగా ఉందని బాధపడే బండికి చిన్న వీల్ ఉంటే ముందు దాన్ని మార్చండి. తీసేటప్పుడు నడిమి నట్టు వదులు చేసి, కొన్ని మరల మీద అలాగే ఉంచి వీల్ లాగండి. లేకపోతే అది ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది. కొత్త హబ్ స్ప్లైన్లు (షాఫ్ట్ మీద పట్టు కోసం ఉండే నిలువు గాళ్లు) మీ కాలమ్‌కు చెందినవేనా అని కొనకముందే చూడండి.

రెండోది కాస్టర్, అంటే పక్క నుంచి చూస్తే కింగ్‌పిన్ తల వెనక్కి వాలిన కోణం, తగ్గించడం. ఎంజీబీ కాస్టర్ కోణం 7 డిగ్రీలు. రేడియల్ టైర్లకు అంత అక్కర్లేదు. ముందు సస్పెన్షన్ మొత్తాన్ని మోసే క్రాస్‌మెంబర్‌కూ బాడీకీ మధ్య ఏటవాలు ముక్కలు పెట్టి దాన్ని 5 డిగ్రీల దగ్గరికి తెస్తారు. మందమైన వైపు బండి ముందుకు ఉండాలి. అప్పుడే క్రాస్‌మెంబర్ ముందంచు దిగి, కింగ్‌పిన్ తల ముందుకు వస్తుంది. తిరగేసి పెడితే బరువు ఇంకా పెరుగుతుంది. ర్యాక్ కూడా ఆ క్రాస్‌మెంబర్ మీదే కూర్చుంది కాబట్టి అదీ వాలుతుంది. అంటే మొనలు కలిపే పని మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇది చెప్పకుండా ఏటవాలు ముక్కలు అమ్మేవాళ్లున్నారు. కొన్ని నెలల్లో యూనివర్సల్ జాయింట్ పోయేది అందుకే.

కాస్టర్ తగ్గిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి వచ్చే గుణమూ, వేగంలో నేరుగా సాగే గుణమూ కొంత తగ్గుతాయి. అందుకే ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెట్టుకోవాలని ఉంటే కాస్టర్ జోలికి పోవద్దు. మోటారు, దాని గేర్ల ఒరిపిడిని దాటి చక్రాలు తమంతట తాము నేరుగా రావాలంటే ఆ 7 డిగ్రీలే ఆధారం. రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ బిగించడం

కాలమ్ మధ్యలో టార్క్ సెన్సర్ (మీరు వీల్‌ను ఎంత బలంగా తిప్పుతున్నారో పసిగట్టేది), మోటారు, గేరు ఉన్న పెట్టె వస్తుంది. మన మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లలో డాష్‌బోర్డు కింద ఉండేదీ ఇదే ఏర్పాటు. ఎంజీబీ కోసం కాలమ్ మొత్తంగా తయారై వచ్చే కిట్లు దొరుకుతాయి. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కోర్సా పాత కాలమ్ తెచ్చి, కోసి, అతికించి చేసుకునేవాళ్లూ ఉన్నారు. రెండో దారిలో ఒక్క షరతుకు మాత్రం తల వంచాలి: స్టీరింగ్ షాఫ్ట్‌ను ఇంట్లో వెల్డింగ్ చేయవద్దు. స్ప్లైన్ ఉన్న కప్లింగ్‌తో కలపండి, లేదా ఈ పనే వృత్తిగా చేసి, పరీక్షించి, రాతపూర్వకంగా ఇచ్చే వర్క్‌షాప్‌కు అప్పగించండి. వెల్డ్ పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల ఎంత పట్టిందో కంటికి కనబడదు. ఆ అతుకు ఊడితే వీల్ మీ చేతిలోనే ఉంటుంది, బండి మాత్రం మీ మాట వినదు.

కరెంటు సంగతి ముందు తేల్చుకోండి. ఆగి ఉన్నప్పుడు గట్టిగా తిప్పితే ఈ మోటారు ముప్పై ఆంపియర్లు, ఇంకా పైన కూడా లాగుతుంది. పాత డైనమో పూర్తి వేగంలోనే 22 ఆంపియర్లిస్తుంది, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. కాబట్టి డైనమో బండికి ముందు ఆల్టర్నేటర్, దాంతోపాటు నెగటివ్ ఎర్త్ మార్పు తప్పవు. ఎర్త్ మార్చినప్పుడు ఎలక్ట్రానిక్ టాకోమీటర్‌కు లోపల మార్పు చేయించాలి. పాత రేడియో ఉంటే తీసేయాలి. ఇగ్నిషన్ కాయిల్ వైర్లు అటూ ఇటూ మార్చాలి.

1974 వరకు వచ్చిన బండ్లలో సీట్ల వెనక రెండు 6 వోల్ట్ బ్యాటరీలు ఉంటాయి. మోటారుకు కరెంటు అక్కడి నుంచి కొత్త తీగ లాగక్కర్లేదు. స్టార్టర్ సోలనాయిడ్ మీద బ్యాటరీ కేబుల్ వచ్చి చేరే బోల్టు నుంచే తీసుకోండి. తీగ 6 చదరపు మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. కిట్ తయారీదారు చెప్పిన ఫ్యూజు ఆ బోల్టుకు వీలైనంత దగ్గరగా పెట్టండి. ఇగ్నిషన్ వేసినప్పుడే మోటారుకు ప్రాణం వచ్చేలా చూడండి. ఎర్త్ తీగను పెయింట్ గీకిన శుభ్రమైన లోహానికి బిగించండి. పాత బండ్లలో ఎలక్ట్రికల్ ఫిర్యాదులు సగం ఎర్త్ దగ్గరే తేలతాయి.

బిగించే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. చక్రాలు నేరుగా పెట్టి, కాలమ్ మీద, పినియన్ మీద గుర్తులు గీయండి. పాత కాలమ్ పై బ్రాకెట్ కింద ఉన్న షిమ్‌లు ఏ బోల్టువి ఆ బోల్టు దగ్గరే ఉంచుతూ దించండి. కొత్త కాలమ్‌ను వదులుగా తగిలించి, పైన చెప్పిన మొనల పని మళ్లీ చేయండి. మోటారు బరువు కాలమ్ ఒక్కటే మోయకూడదు. కిట్‌తో వచ్చిన బ్రాకెట్ బాడీకి గట్టిగా పట్టాలి. పెట్టె మీ మోకాలికి, పెడళ్లకు తగులుతుందేమో సీట్లో కూర్చుని మూడు పెడళ్లూ తొక్కి చూడండి. మీ పాత కాలమ్ కుంచించుకుపోయే రకమైతే, కొత్తది కూడా అలాంటిదే కావాలని పట్టుబట్టండి. గుద్దుకున్నప్పుడు మీ ఛాతీకీ రాడ్డుకూ మధ్య ఉన్న రక్షణ అదొక్కటే. స్టీరింగ్ తాళం ఉన్న బండయితే అది కొత్త కాలమ్‌లోనూ పనిచేయాలి.

సాయం ఎంత కావాలో సర్దే చిన్న గుబ్బ చాలా కిట్లలో ఉంటుంది. తక్కువలో మొదలుపెట్టండి. పార్కింగ్‌లో ఒక చేత్తో తిప్పగలిగినంత చాలు. అంతకు మించి పెంచితే రోడ్డు చెప్పే కబుర్లు చేతికి అందవు. స్పోర్ట్స్ కారు ఇష్టపడింది వాటికోసమే కదా.

రోడ్డెక్కే ముందు

మోటారు ఆపి, చక్రాలు నేల మీద ఉంచి, వీల్‌ను మెల్లగా ఇటూ అటూ కదపండి. చక్రం కదలకముందు వీల్ అంచు ఎంత జరుగుతోందో స్కేలుతో కొలవండి. ర్యాక్ ఉన్న బండికి, 380 మి.మీ. వీల్ మీద, బ్రిటన్ తనిఖీలో 13 మి.మీ. వరకే ఒప్పుకుంటారు. మీరు అంతకంటే బాగా తక్కువకు తేగలగాలి. స్టీరింగ్‌ను రెండు చివర్లకూ తిప్పి, బ్రేక్ పైపులు టైరుకు తగలడం లేదని చూడండి. మొదటిసారి ఖాళీ స్థలంలో మెల్లగా నడపండి. నడుస్తుండగా ఫ్యూజు పోతే ఎలా ఉంటుందో తెలియాలి కాబట్టి, అక్కడే మోటారు కరెంటు తీసేసి కూడా నడిపి చూడండి. బరువు పెరగాలి, పట్టెయ్యకూడదు. వంద కిలోమీటర్ల తర్వాత మీరు ముట్టుకున్న ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో మళ్లీ చూడండి.

కాగితాల పని కూడా ఇందులో భాగమే. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన బండికి వార్షిక తనిఖీ నుంచి మినహాయింపు ఉంది, కానీ స్టీరింగ్ రకాన్నో పద్ధతినో మార్చడాన్ని పెద్ద మార్పుగా లెక్కిస్తారు. భద్రతను పెంచే మార్పులకు వెసులుబాటు ఉంది. మీ మార్పు దేని కిందికి వస్తుందో పని మొదలుపెట్టకముందే నిపుణులను అడగండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద యాభై ఏళ్లు దాటిన బండికి 'వీఏ' వరుస నంబరు కావాలంటే అది అసలు రూపంలో, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. అందుకే బాడీకి కొత్త రంధ్రాలు పెట్టకుండా, పాత బోల్టు స్థానాల్లోనే కూర్చునే కిట్ ఎంచుకోండి. తీసిన పాత కాలమ్‌కు, షిమ్‌లకు నూనె రాసి, గుడ్డ చుట్టి, బండి నంబరు రాసిన చీటీ కట్టి దాచండి.